మల్లి

ఒమాన్ దేశంలో సముద్రపు ఒడ్డున సీబ్ అనే పట్టణం ఉంది. మా నాన్న అక్కడ పని చేస్తాడు. మస్కట్ విమానాశ్రయం సీబ్‌లోనే ఉంది. 2008 వరకు దాని పేరు కూడా సీబ్ విమానాశ్రయమే.

ఒకనాడు నాన్న నన్ను దిక్కులేని కుక్కలను ఉంచే చోటికి తీసుకొని వెళ్ళాడు. అక్కడ ఒక మూల తెల్లని కుక్క పడుకొని ఉంది. అది బాగా చిక్కిపోయింది.

"దాని జోలికి పోకు బాబూ! అది పొగరుబోతు. పిలిస్తే రాదు. ముట్టుకుంటే కరవవస్తుంది" అన్నాడు కాపలా మనిషి. నాకు భయం వేసింది.

అంతలో ఒక విమానం పెద్ద చప్పుడుతో మా తలల మీదుగా పోయింది. కుక్కలన్నీ మొరిగాయి. తెల్లకుక్క మాత్రం కళ్ళు తెరవలేదు.

"నాన్నా! దానికి వినబడదేమో!" అన్నాను.

పశువుల డాక్టరు వచ్చాడు. దాని వెనుక నిలబడి చప్పట్లు కొట్టాడు. అది తిరిగి చూడలేదు.

"నిజమే. తెల్లని కుక్కల్లో కొన్నింటికి పుట్టుకతోనే చెవుడు ఉంటుంది. వెనుక నుంచి ముట్టుకుంటే ఇది ఉలిక్కిపడుతుంది. భయంతో కరవవస్తుంది. పొగరుతో కాదు" అన్నాడు. పిచ్చికుక్క రోగం రాకుండా దానికి టీకా వేశాడు.

మేము దానిని ఇంటికి తెచ్చుకున్నాము. మల్లి అని పేరు పెట్టాము. సైగలు నేర్పాము. చెయ్యి ఊపితే వస్తుంది. అరచెయ్యి చూపితే ఆగుతుంది. నిద్ర లేపాలంటే నేలను కాలితో తడతాము. ఆ అదురు తెలిసి లేస్తుంది. దానికి బండ్ల చప్పుడు వినబడదు కదా! అందుకే గొలుసు లేకుండా వీధిలోకి తీసుకొని పోము.

"మల్లీ!" అని పిలిచినా దానికి వినబడదు. అయినా నేను పిలుస్తూనే ఉంటాను. అది నా ముఖం చూసి తోక ఊపుతుంది.