సుంకాల రేవు సూరత్

తపతీ నది ఒడ్డున, పాత సూరత్ ఇరుకు వీధుల నడుమ మొగలుల కాలపు సత్రం ఒకటి ఉన్నది. షాజహాను ఏలుబడిలో, 1644లో హకీకత్ ఖాన్ దానిని కట్టించాడు. ఇక్కడి రేవు నుండి మక్కా యాత్రకు ఓడలెక్కే హాజీలు అందులో బస చేసేవారు. కాలక్రమాన అదే కట్టడం కారాగారమైంది. 1867 నుండి ఒకటిన్నర శతాబ్దానికి పైగా నగర పురపాలక వ్యవహారాలన్నీ ఆ గోడల మధ్యనే సాగాయి. మొదట సత్రం, పిదప చెర, ఆపైన పన్నుల కచేరీ! ఈ వరుసలో పరిహాసం వెదుక్కోదలచిన వారికి అది దొరకకపోదు. సూరత్ వాసులకూ పన్నులకూ గల అనుబంధం అంతటిది.

సత్రానికి కొద్ది దూరంలో, నది అంచున, పదహారవ శతాబ్దంలో గుజరాత్ సుల్తానుల కాలాన ఖుదావంద్ ఖాన్ కట్టించిన కోట కనిపిస్తుంది. 1664 జనవరిలో శివాజీ సుమారు 4,000 మంది ఆశ్వికులతో వచ్చి నగరం వెలుపల విడిసినప్పుడు, మొగలు పాలకుడు ఇనాయత్ ఖాన్ ప్రజలను వారి ఖర్మకు విడిచి తాను మాత్రం ఈ కోటలో దాగాడు. ప్రపంచంలోనే మహా సంపన్నుడని పేరుపడిన వీర్జీ వోరా వంటి వర్తకులున్న పట్టణానికి అప్పటికి చెప్పుకోదగిన ప్రాకారమైనా లేదు. నగర రక్షణకని పాదుషా ఖజానా నుండి భటుల జీతాలు వస్తూనే ఉండేవి. ఆ సొమ్మును పాలకుడు తానే దిగమింగాడని జదునాథ్ సర్కార్ వంటి చరిత్రకారులు వ్రాశారు. నాలుగు రోజుల పాటు నగరం దోపిడికి గురియై, అగ్నికి ఆహుతి అయింది. ఆంగ్లేయులూ డచ్చివారూ తమ తమ వర్తక స్థావరాలను మాత్రం కాపాడుకోగలిగారు. నాడు ఆంగ్లేయుల పక్షాన నిలిచిన జార్జి ఆక్సిండెన్ సమాధి మందిరం నేటికీ ఇక్కడి శ్మశానవాటికలో రాజసౌధం వలె నిలిచి ఉన్నది.

ఢిల్లీలో ఔరంగజేబు ఈ వార్త విని రెండు పనులు చేశాడు. సూరత్ వర్తకులకు ఒక సంవత్సరం పాటు సుంకం మాఫీ చేశాడు. నగరం చుట్టూ ఇటుక గోడ కట్టవలసినదిగా ఆజ్ఞాపించాడు. పన్ను ఊరట, ప్రభుత్వ వ్యయం ఒకేసారి ఒకే పట్టణానికి ప్రసాదమైన సందర్భాలలో ఇది ప్రసిద్ధమైనది. నష్టపోయిన వర్తకునికి సుంకం మాఫీ తక్షణమే చేతికందే మేలు. గోడ సంగతి అట్లు కాదు. దానిని కట్టాలి, కట్టిన తరువాత కాపాడాలి, కాపాడేవారికి నెలనెలా జీతాలివ్వాలి. 1670 అక్టోబరులో శివాజీ మరల వచ్చాడు. అప్పటికి గోడ వెలిసింది గాని, దాని మీద నిలిచి పోరాడేవారు కరవయ్యారు. ఉన్న కొద్దిమంది కొంత పెనుగులాడి కోటలోకి పారిపోయారు.

కంపెనీ ప్రభుత్వం వచ్చిన తరువాత పన్ను ఊరట మరొక రూపు దాల్చింది. 1844లో బొంబాయి ప్రభుత్వం పట్టణ సుంకాలను ఎత్తివేసింది. ఆ లోటు పూడ్చుకొనడానికి ఉప్పు పన్నును మణుగుకు అర్ధ రూపాయి నుండి ఒక రూపాయికి పెంచింది. వర్తకుని బండి మీద దిగిన బరువు కూలివాని గంజిలో పడిందన్నమాట. ఆ ఆగస్టులో వేలాది జనం సూరత్ వీధులలోకి వచ్చారు. దుకాణాలు మూతపడ్డాయి. చివరకు ప్రభుత్వం వెనుకకు తగ్గి, పన్నును పన్నెండు అణాలకు దించవలసి వచ్చింది. 1878లో లైసెన్సు పన్ను మీదనూ ఇక్కడ ఇటువంటి అలజడే చెలరేగింది.

అయితే ఈ నగరవాసులు పన్ను కట్టడానికి మాత్రమే వెనుదీసేవారని అనుకొంటే పొరపాటు. వారు ఒకప్పుడు ప్రభుత్వం ఇవ్వజూపిన డబ్బునే వద్దన్నారు. సహాయ నిరాకరణోద్యమ దినాలలో, 1921లో, సూరత్ పురపాలక సంఘం తన పాఠశాలలకు సర్కారు గ్రాంటు అక్కరలేదని తీర్మానించింది. గ్రాంటు వెంట తనిఖీ వస్తుంది, తనిఖీ వెంట పెత్తనం వస్తుంది అని సభ్యులు ఎరుగుదురు. ఆ పెత్తనం ఎంత నిజమో మరుసటి సంవత్సరమే తేలింది. 1922లో ప్రభుత్వం సంఘాన్నే రద్దు చేసి, దాని స్థానంలో తాను నియమించిన కమిటీని కూర్చుండబెట్టింది.

సూరత్‌కు తూర్పున, అదే జిల్లాలో, బార్డోలి అనే చిన్న పట్టణం ఉన్నది. 1928లో అక్కడి తాలూకా రైతుల భూమిశిస్తును 22 శాతం పెంచినప్పుడు వల్లభభాయి పటేల్ నాయకత్వాన జరిగిన సత్యాగ్రహం దేశమంతా ఎరిగినదే. తుదకు మాక్స్‌వెల్, బ్రూమ్‌ఫీల్డ్ అధికారుల విచారణ ఆ పెంపును 6.03 శాతం చాలునని తేల్చింది.

స్వాతంత్ర్యానంతరం గుజరాత్ పట్టణాలకు ప్రధాన ఆదాయం ఆక్ట్రాయి. ఊరి పొలిమేరలో నాకాలుండేవి. నూలు బేళ్ళు, రంగులు, ధాన్యం, ఏ సరుకు వచ్చినా అక్కడ ఆగి సుంకం చెల్లించి గాని లోనికి రారాదు. లారీలు బారులు తీరేవి, లంచాలు చేతులు మారేవి. వర్తకులు దానిని తిట్టని దినం లేదు. దానిలో ఒక సుగుణం లేకపోలేదు. వ్యాపారం పెరిగిన కొద్దీ ఖజానాకు రాబడి దానంతటదే పెరిగేది. సాయంత్రానికి నాకాలో పోగైన సొమ్ము కోసం ఎవరికీ అర్జీ పెట్టుకొననక్కరలేదు. బట్టల మగ్గాలతో, వజ్రాల సానలతో కళకళలాడే సూరత్ ఆ విధంగా పేద నగరం కాదు. కాకున్నను 1994 సెప్టెంబరులో ప్లేగు వార్తతో లక్షలాది జనం రైళ్ళెక్కి పారిపోయేనాటికి వీధులలో చెత్తకుప్పలు, కాలువలలో మురుగునీరు పేరుకొని ఉన్నాయి. లోపించినది ధనం కంటె శ్రద్ధ. మరుసటి ఏడు మే నెలలో కమిషనరుగా వచ్చిన తెలుగువారు సూర్యదేవర రామచంద్రరావు నగరాన్ని ఆరు మండలాలుగా విభజించి, అధికారులను ప్రతి ఉదయం చల్లని గదుల నుండి వీధులలోకి దింపారు. రెండేళ్ళు తిరగకముందే సూరత్ దేశంలోని పరిశుభ్ర నగరాల పట్టికలో పై వరుసకు చేరింది.

ఆక్ట్రాయికి మాత్రం కాలం చెల్లింది. గుజరాత్ ప్రభుత్వం 2001లో చిన్న పట్టణాలలోనూ, 2007 నవంబరులో సూరత్ వంటి మహానగరాలలోనూ దానిని రద్దు చేసింది. నాకాలు మూతపడ్డాయి, లారీలు ఆగకుండా సాగిపోయాయి. పోయిన రాబడికి బదులుగా రాష్ట్ర ప్రభుత్వం గ్రాంటు ఇవ్వసాగింది. సూరత్ వంటి పెద్ద నగరానికి ఇంటిపన్ను, నీటిపన్ను, అభివృద్ధి రుసుములు వంటి ఇతర ఆధారాలున్నాయి. చిన్న పట్టణానికి అటువంటి దారులు తక్కువ. అక్కడ ఇంటిపన్ను పెంచితే ఓటరు అలుగుతాడు, పెంచకుంటే పారిశుద్ధ్య కార్మికుని జీతానికి రాజధాని నుండి రావలసిన ఉత్తర్వు కోసం ఎదురుచూడాలి. 1921 నాటి సభ్యులు ఎంచి వదులుకొన్న బంధం ఇప్పుడు ఎంపికతో పని లేకుండానే బిగిసింది.

ఊరట ఇచ్చేవారికి అది ఎల్లప్పుడూ సులభమైన పనే. 2015లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదులో 1,200 రూపాయల లోపు ఇంటిపన్ను గల నివాసాలకు 101 రూపాయలు చెల్లిస్తే చాలునన్నది. 2020లో మహమ్మారి కాలాన గుజరాత్ ప్రభుత్వం వాణిజ్య భవనాల ఆస్తిపన్నులో 20 శాతం తగ్గింపు ప్రకటించింది. మూతపడిన దుకాణానికి ఆ తగ్గింపు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. అయితే ఆ సంవత్సరం వీధులు ఊడ్చే పని, రోగులను చూచే పని తగ్గలేదు సరికదా, పెరిగింది.

సూరత్ తూర్పు భాగంలోని లింబాయత్ ప్రాంతంలో మరమగ్గాల చప్పుడు నడుమ తెలుగు మాటలు వినిపిస్తాయి. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుండి మగ్గం పని వెదుక్కొంటూ వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగులోనూ నడుస్తున్నాయి. ఆ కుటుంబాల పిల్లలు గుజరాత్ నడిబొడ్డున 'అమ్మ, ఆవు' దిద్దుకొనే పలకల వెనుక సూరత్ ఇంటి యజమానులు కట్టిన పన్నూ, సర్కారు పంపిన గ్రాంటూ రెండూ కలిసి ఉన్నాయి.