ముల్లు సున్నా మీద పడింది

మా ఇంట్లో ఒక పాత కారుంది. 2001 మోడలు, జపాను వాళ్ళది. అమ్మితే వచ్చేది రెండు నెలల కిరాణా ఖర్చు, ఉంచుకుంటే ఇన్సూరెన్సు దండగ అని మా ఆవిడ ఏటా ఒకసారి లెక్క చెబుతుంది. నేను ఏటా ఒకసారి విననట్టు ఊరుకుంటాను. అమ్మాయికి డ్రైవింగు నేర్పాల్సొచ్చినప్పుడు గానీ దాని విలువ ఆవిడకి తెలిసిరాలేదు. గీతలు పడినా ఏడవక్కర్లేని కారు ఇంటికొకటి ఉండాలండీ.

మేముండేది ఒహాయోలో, కొలంబస్ దగ్గర. ఇక్కడ పదిహేనున్నర నిండితే పిల్లలకి తాత్కాలిక పర్మిట్టు ఇస్తారు. లైసెన్సు పరీక్షకి వెళ్ళేలోపు పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని 50 గంటలు నడపాలి, అందులో 10 గంటలు రాత్రిపూట. 2023 డిసెంబరులో మా లెక్క 31 గంటల దగ్గరుంది. ఊరి చుట్టూ తిరిగే 270 హైవే మీద పోతుంటే, 65 దగ్గరున్న ముల్లు ఒక్కసారిగా సున్నా మీద పడింది. కారు మాత్రం పోతూనే ఉంది.

"నాన్నా, ఏమైంది? ఆగిపోతున్నామా?" అంది. గొంతులో వణుకు.

"ఏం కాదు, పక్క కార్లతో పాటు పో" అన్నాను, నాకూ గుండె దడదడలాడుతున్నా. కాసేపటికి ముల్లు లేచింది. ఇల్లు చేరేలోపు ఇంకో మూడుసార్లు పడింది. ఆ రోజు నుంచి పిల్ల హైవే ఎక్కనంది.

మా చిన్నప్పుడు రాజమండ్రిలో నాన్నగారి చేతక్ స్కూటరు ముల్లు ఏళ్ళ తరబడి సున్నా మీదే ఉండేది. ముందు చక్రం నుంచి మీటరు దాకా ఒక కేబులు, అది తెగింది, ఆయన మార్పించలేదు. అంతే. రోగం ఒకటే, మందూ ఒకటే. ఈ కారులో కేబులు లేదు. గేరుబాక్సు మీద బొటనవేలంత సెన్సరు ఉంటుంది. లోపల షాఫ్టు తిరుగుతుంటే అది కరెంటు పల్సులు పంపుతుంది. వాటిని లెక్కపెట్టే మీటరు ముల్లుని లేపుతుంది, మైళ్ళూ వేస్తుంది. ఇంజను కంప్యూటరు కూడా వాటినే చూస్తుంది. కాబట్టి అనుమానితులు ముగ్గురు: సెన్సరు, మీటరు, మధ్యలో తీగలు.

నాకైతే అనుమానమే లేదు, నేరస్థుడు నాలుగోవాడు. నెల ముందే మెకానిక్ గేరుబాక్సు ఆయిలు మార్చాడు. మెక్సికో నుంచి వచ్చిన పెద్దాయన, పన్నెండేళ్ళుగా మా కార్లన్నీ ఆయన చేతి మీదే నడుస్తున్నాయి. ఫోను చేసి "మీరు ముట్టుకున్నాకే ఇలా అయింది, హైవే మీద మా పిల్లకేమన్నా అయ్యుంటే?" అని గొంతు పెంచాను. ఆయన కాసేపు ఊరుకుని "తీసుకురండి, చూస్తాను. డబ్బులొద్దు" అన్నాడు. నేను తీసుకెళ్ళలేదు. రుజువుతోనే వెళ్దామనుకున్నాను. ఇరవయ్యేళ్ళుగా జనాల కోడులో తప్పులు పట్టే ఉద్యోగం కదా, ఆ మాత్రం పొగరు ఉండదూ!

ముందు మైళ్ళు చూశాను. ఆఫీసు 14 మైళ్ళు. ట్రిప్ మీటరు సున్నా చేసి వెళ్తే 9 చూపించింది. ముల్లు ఒక్కటే చెడితే మైళ్ళు సరిగ్గా పడాలి. కానీ మీటరు లోపలి బోర్డు మీద టంకం పగిలినా రెండూ పోవచ్చు. 1996 మోడలు నుంచి ఇక్కడి కార్లన్నిటికీ స్టీరింగు దగ్గర, డ్యాష్‌బోర్డు కింద ఒక సాకెట్టు ఉంటుంది. దానికి స్కానరు తగిలించి, పిల్లకి చూడమని ఇచ్చి, నేను నడిపాను. పి0500 అని కోడు వచ్చింది, అంటే వేగం సిగ్నల్లో లోపం. ముల్లు పడినప్పుడల్లా స్కానరులో వేగమూ సున్నాయే. మీటరు నిర్దోషి.

అప్పుడే పిల్లకి మైలు బోర్డుల లెక్క చెప్పాను. ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకి ఎన్ని సెకన్లో చూసి, 3600ని దానితో భాగిస్తే వేగం. అరవై సెకన్లయితే 60, యాభై ఐదయితే 65 పైచిలుకు. ముల్లు లేకపోయినా వేగం తెలుస్తుందనేసరికి దానికి కాస్త ధైర్యం వచ్చింది.

38 డాలర్లు పెట్టి సెన్సరు మార్చాను. ముల్లు మళ్ళీ పడింది.

శనివారం గ్యారేజీలో ముందు చక్రం ఒకటి జాకీతో లేపి, కింద స్టాండు పెట్టి, హ్యాండు బ్రేకు వేసి, న్యూట్రల్లో ఉంచి, ఇంజను స్టార్టు చెయ్యకుండా తాళం తిప్పాను. సిగ్నలు తీగకి మల్టీమీటరు. పిల్ల చక్రం చేత్తో తిప్పుతుంటే అంకె సున్నా, ఐదు, సున్నా, ఐదు అని మారుతోంది. నేను తీగల కట్టని జానెడు జానెడు కదుపుతూ వచ్చాను. ఎయిర్ ఫిల్టరు డబ్బా కిందకి చెయ్యి వెళ్ళగానే అంకె నిలబడిపోయింది. డబ్బా విప్పితే, తీగ దాని అంచు కింద నలిగి, తొడుగు చిరిగి, లోపలి రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. తీగని పక్కకి పట్టి ఉంచాల్సిన క్లిప్పు లేదు.

క్లిప్పు నా టూల్‌బాక్సు అరలో ఉంది. నవంబరులో కూలి డబ్బులు మిగుల్దామని బ్యాటరీ నేనే మార్చాను. అందుకు ఆ డబ్బా విప్పింది నేను, బిగించింది నేను, ఒక క్లిప్పు మిగిలితే కంపెనీవాడు ఎక్కువిచ్చాడని నవ్వుకుందీ నేనే. ఆఫీసులో ఏది పగిలినా ముందు అడిగేది, ఆఖరున ఎవరు ముట్టుకున్నారని. ఆ ప్రశ్న నేనూ వేశాను, కాకపోతే నన్ను తప్ప అందర్నీ అడిగాను.

తీగ కలిపి టేపు చుట్టాను. ముల్లు బాగుపడింది.

"మరి మెకానిక్ అంకుల్‌కి చెప్తావా?" అంది పిల్ల. ఫోనులో నా అరుపులు అదీ విన్నది.

సోమవారం వెళ్ళి చెప్పాను. క్షమించమన్నాను. ఆయన చేతులు గుడ్డతో తుడుచుకుంటూ అంతా విని, బానెట్టు ఎత్తమన్నాడు. నా టేపు చూసి మొహం చిట్లించాడు, నా అరుపులకి కూడా అంత బాధపడి ఉండడు. "ఇంజను వేడికి ఇదెన్నాళ్ళుంటుంది?" అని పీకేసి, తీగ శుభ్రంగా కోసి, టంకం వేసి, పైన వేడికి బిగుసుకునే గొట్టం తొడిగాడు. క్లిప్పు అడిగి తీసుకుని దాని చోట పెట్టాడు. ఇరవై డాలర్లు తీసుకున్నాడు. డబ్బులొద్దన్నది ఆయన తప్పయితే కదా.

ఆ వారాంతం 32వ గంట మొదలుపెట్టాం, 270 మీదే. ముల్లు 65 దగ్గర కదలకుండా ఉంది. పిల్ల మాత్రం మైలు బోర్డు దాటినప్పుడల్లా పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటోంది.