రంపం కొనబోయి...

మీలో ఎంతమంది చెట్లు కోసే మిషన్ కొన్నారు? చేతులెత్తండి చూద్దాం. ఎవరూ లేరు కదా! నేనూ అంతే. ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ కీబోర్డు తప్ప వేరే పనిముట్టు ముట్టుకున్న పాపాన పోలేదు. అలాంటి నన్ను ఇప్పుడు అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా చెయిన్ పిచ్ ఎంతో, బార్ గేజ్ ఎంతో టకటకా చెప్పేస్తాను. ఈ పాండిత్యం ఊరికే రాలేదు లెండి. మా తమ్ముడి కాలికి ఏడు కుట్లు పడ్డాక వచ్చింది.

మాది గోదావరిఖని. బాపు సింగరేణిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మైనింగు గురించి తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా: భూగర్భ గనిలో బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర ప్రాపులు నిలబెట్టేవాళ్ళు, దుంగల్ని అడ్డదిడ్డంగా పేర్చి చాకులు కట్టేవాళ్ళు ఉంటారు. వాళ్ళే టింబర్‌మన్లు. ఇప్పుడు రూఫ్ బోల్టులు వచ్చి ఆ పని చాలావరకు తగ్గిపోయింది గానీ, బాపు బాయి దిగిన రోజుల్లో చేతిలో గొడ్డలి, రంపం, భుజం మీద దుంగ. అదీ సంగతి.

తమ్ముడికి కంపెనీలో ఉద్యోగం రాలేదు. కొన్నాళ్ళు అదీ ఇదీ చేసి, చివరికి చెట్ల కోత కాంట్రాక్టులు పట్టుకున్నాడు. రైతుల జామాయిల్, సుబాబుల్ తోటలు కోయడం, కరెంటు తీగల మీదికొచ్చిన కొమ్మలు కొట్టడం, వానాకాలంలో రోడ్డు మీద పడ్డ చెట్లు తీయడం. ఇద్దరు కూలీలు, ఒక ట్రాలీ ఆటో. మొదట్లో అద్దె మిషన్‌తో నెట్టుకొచ్చాడు. రోజు కూలీలో మూడో వంతు అద్దెకే పోతోందని ఫోన్లో అంటే, నాలోని ఇంజనీరు నిద్రలేచాడు. "నేను కొనిస్తాలేరా" అన్నాను.

ఇక్కడే మొదలైంది అసలు కథ.

మనం ఏదైనా కొనేటప్పుడు ఏం చేస్తాం? ఆన్‌లైన్లో స్పెసిఫికేషన్లు చూస్తాం, రేటింగులు చూస్తాం, ధర చూస్తాం. నేనూ అదే చేశాను. పేరున్న కంపెనీల ప్రొఫెషనల్ మిషన్ల ధరలు చూసి గుండె గుభేల్‌మంది. ఆ పక్కనే 58 సిసి, 22 అంగుళాల బార్, ధర ఏడున్నర వేలు! కంపెనీ పేరు ఎప్పుడూ విన్నది కాదు. అయితేనేం, సిసి ఎక్కువ, ధర తక్కువ. నాలుగు నక్షత్రాల రేటింగు. ఇంకేం కావాలి? నొక్కేశాను.

ఇప్పుడు తెలుస్తోంది, ఆ పేజీలో కిలోవాట్లు ఎంతో ఎక్కడా రాసి లేదు. సిసి అంటే సిలిండర్ ఎంత పెద్దదో చెప్తుంది, అందులోంచి పని ఎంత వస్తుందో చెప్పదు. స్టిల్ వాళ్ళ ఎమ్మెస్ 261 చూడండి, 50 సిసి లోంచి 3 కిలోవాట్లు లాగుతుంది. కోడు ఎన్ని లైన్లుంటే అంత గొప్ప ప్రోగ్రామరు అనుకునే మేనేజర్ని చూసి నవ్వుకునే నేను, సిసి చూసి మిషన్ కొన్నాను :)

రెండు నెలలు బాగానే నడిచింది. మూడో నెలలో బార్‌కి ఆయిల్ అందించే పంపు సరిగ్గా పనిచేయడం మానేసింది. ఆయిల్ అందకపోతే చెయిన్ వేడెక్కుతుంది, వేడెక్కితే సాగుతుంది, సాగితే వదులై బార్ మీంచి జారుతుంది. మంచి మిషన్‌కి అలా జారిన చెయిన్‌ని ఆపడానికి కింద చిన్న కొక్కెం లాంటిది ఉంటుంది, చెయిన్ క్యాచర్ అంటారు. మా దానికి ఉన్నది ప్లాస్టిక్ ముక్క. అది విరిగింది. తుమ్మ మొద్దు కోస్తుండగా చెయిన్ ఎగిరి మోకాలి పైన తగిలింది. లోతుగా తెగలేదు, అదృష్టం. ఏడు కుట్లు, మూడు వారాలు మంచం. చేతిలో ఉన్న పని ఇంకొకడికి పోయింది.

నేను వెంటనే బయల్దేరి వెళ్ళాను. తమ్ముడు నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది. బాపు కూడా రెండ్రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున చాయ్ తాగుతూ, మూలన పడున్న మిషన్ వైపు చూసి అడిగాడు.

"గిది చెడిపోతే ఎవన్ని అడుగుతవ్ రా?"

నా దగ్గర జవాబు లేదు. వారంటీ కార్డు మీద ఒక ఈమెయిల్ ఐడీ ఉంది. రాశాను. ఇప్పటిదాకా జవాబు లేదు.

తర్వాత బాపు తన ధోరణిలో చెప్పుకుంటూ పోయాడు. గనిలోకి ఇనుప ప్రాపులు వచ్చిన కొత్తలో పెద్దవాళ్ళు కర్రనే ఎందుకు నమ్మేవాళ్ళో. "కట్టె ముందుగాల్నే చెప్తది బిడ్డా. బరువు మీద పడంగనే కిర్రుమంటది, చిట్లుతది. మనకు ఉరికెటందుకు యాళ్ల ఇస్తది. ఇనుము చెప్పది. నిలబడ్డన్ని దినాలు నిలబడ్తది, ఒక్కపాలి జారుతది." కప్పు గట్టిగా ఉందో లేదో కర్రతో తట్టి చూసేవాళ్ళట. గణగణమంటే మంచిది, డొల్లగా మోగితే అక్కడ నిలబడకూడదు. ఆయన ముప్పై ఏళ్ళు ప్రాణాలతో బయటికి రావడానికి కారణం ఆ చెవులే.

ప్రొడక్షన్ సపోర్టు చేసిన వాళ్ళకి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు కదా. లాగ్ రాయకుండా కూలిపోయే సర్వర్ కన్నా, కూలే ముందు మూలిగే సర్వర్ నయం.

సరే, రెండోసారి బుద్ధిగా మొదలుపెట్టాను. ఈసారి తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని. వాడి పనికి 70 సిసి తరగతి మిషన్ కావాలని తేలింది. ఆ తరగతిలో రెండు పేర్లు ముందుకొచ్చాయి. స్టిల్, హస్క్‌వర్నా. స్టిల్ జర్మనీ కంపెనీ, 1926లో స్టుట్‌గార్ట్‌లో మొదలైంది. హస్క్‌వర్నా స్వీడన్‌ది, 1689లో తుపాకుల ఫ్యాక్టరీగా పుట్టి, కుట్టు మిషన్లు, మోటార్ సైకిళ్ళు అన్నీ చేసి 1959లో చెయిన్ సాల్లోకి వచ్చింది. మూడోది మకీటా కూడా చూద్దామనుకున్నా. వాళ్ళు 1991లో డోల్మార్ అనే పాత జర్మన్ రంపాల కంపెనీని కొన్నారు. కానీ 2022లో పెట్రోలు ఇంజన్ల తయారీయే ఆపేసి బ్యాటరీ వైపు వెళ్ళిపోయారు. మన భాషలో ఎండాఫ్ లైఫ్. కొట్టేశాను.

ఇక పోలిక. స్టిల్ ఎమ్మెస్ 382: 72.2 సిసి, 3.9 కిలోవాట్లు, బార్, చెయిన్ లేకుండా 6.2 కిలోలు. హస్క్‌వర్నా 365: 70.7 సిసి, 3.6 కిలోవాట్లు, 6.4 కిలోలు. కాగితం మీద స్టిల్ కాస్త ముందు. హస్క్‌వర్నాలో ఎక్స్-టార్క్ అనే ఇంజన్, కాలని పెట్రోలు పొగ గొట్టంలోంచి ఊరికే పోకుండా చూస్తుంది. ఇంధనం 20 శాతం దాకా ఆదా అని కంపెనీ మాట. ఇంకోటి, గాలి ఫిల్టర్‌కి చేరకముందే పెద్ద దుమ్మును విసిరికొట్టే ఏర్పాటు ఉంది. ఓపెన్ కాస్టుల పక్కన బతికే మాకు దుమ్ము సంగతి చిన్న విషయం కాదు.

కోసి చూపించమంటే రెండు చోట్లా చూపించారు. నాకు రెండింటికీ తేడా తెలీలేదు, ఒకటే మోత. తమ్ముడికి తెలిసింది. కొమ్మలు పక్కకి తిప్పి కోసేటప్పుడు హస్క్‌వర్నా తేలిగ్గా తిరిగిందట. పెద్ద దుంగలో దిగాక స్టిల్ తొణక్కుండా పోయిందట. "రెండూ మంచియే అన్నా" అన్నాడు. నా ఎక్సెల్ షీటు మూడు రోజుల కష్టం అక్కడితో సరి.

ఒక్క విషయం మాత్రం రాసిపెట్టుకోండి. ఈ రెండింటికీ చెయిన్ పిచ్ ఒకటే, అంగుళంలో 3/8. కానీ గేజ్ వేరు. స్టిల్‌కి మామూలుగా 1.6 మిల్లీమీటర్లు, హస్క్‌వర్నాకి 1.5. ఆకురాయి కూడా వేరు, ఒకదానికి 5.2 మిల్లీమీటర్లు, ఇంకోదానికి 5.5. చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఊళ్ళో దొరికిన చెయిన్ తెచ్చి వేద్దామంటే కుదరదు. వెండర్ లాకిన్ అనేది మనమే కనిపెట్టామనుకున్నాను ఇన్నాళ్ళూ!

అంటే ఏమైంది? ఏ మిషన్ కొంటే ఆ షాపువాడితో పెళ్ళి అయినట్టే. అందుకని మిషన్లు పక్కన పెట్టి షాపుల్ని పోల్చడం మొదలుపెట్టాను. మంచిర్యాల నుంచి హైదరాబాద్ దాకా కనిపించిన ప్రతి డీలర్‌కి ఫోన్ చేశాను. మూడే ప్రశ్నలు.

ఒకటి, చెయిన్, స్ప్రాకెట్, స్టార్టర్ తాడు, ఇప్పుడు ఈ నిమిషంలో మీ షాపులో ఉన్నాయా? రెండు, మెకానిక్ మీ దగ్గరే ఉంటాడా, ఎక్కణ్ణుంచో రావాలా? మూడు, సోమవారం పొద్దున తెస్తే ఎప్పుడిస్తారు?

జవాబులు భలే ఉన్నాయి. ఒకచోట "తెప్పిస్తాం సార్" అన్నారు. ఎప్పటికి అంటే "వస్తది సార్". ఇంకోచోట మిషన్ మీద తగ్గింపు ఎంతో ఉత్సాహంగా చెప్పారు, మెకానిక్ ప్రశ్నకి ఫోన్ వేరేవాళ్ళకి ఇచ్చారు, వాళ్ళు ఇంకొకరికి ఇచ్చారు. ఒక్క చోట మాత్రం ఫోన్ ఎత్తిన మనిషి నన్నే ఎదురు ప్రశ్న వేశాడు. "ఏం చెట్లు కోస్తరు? జామాయిలా, తుమ్మనా? ఎంత లావుంటయ్?" అడిగినవాడే మెకానిక్. స్పేర్లు అల్మారాలో ఉన్నాయి. పొద్దున తెస్తే సాయంత్రానికి ఇస్తానన్నాడు, కార్బురేటర్ అయితే మర్నాడు అన్నాడు. అక్కడే కొన్నాం.

ఏ బ్రాండ్ అంటారా? చెప్పను :) అలిగి కాదు. మీ ఊళ్ళో ఆ మెకానిక్ వేరే రంగు మిషన్ అమ్ముతుండొచ్చు. అప్పుడు మీకు అదే మంచి మిషన్. 3.6 కిలోవాట్లకీ 3.9 కిలోవాట్లకీ తేడా ఒక దుంగ మీద కొన్ని సెకన్లు. 65 కిలోమీటర్ల దూరంలో ఉన్న షాపుకీ 200 కిలోమీటర్ల పైన ఉన్న షాపుకీ తేడా ఒక రోజు కూలీ, ముగ్గురు మనుషులది. పైగా ఈ పనికి తొందర వచ్చేదే గాలివాన రోజుల్లో. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో ఒక్క గాలివానకి సుమారు 50 వేల చెట్లు కూలిపోయాయి. అలాంటి వారంలో ఆగిపోయిన మిషన్ స్పెసిఫికేషన్ ఎంతైతే ఎవడిక్కావాలి?

ఆ మెకానిక్ తమ్ముణ్ణి గంటసేపు కూర్చోబెట్టి నేర్పినవి కూడా చెప్తాను. లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్, అదీ కొలిచి. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమను పీలుస్తుంది. కాబట్టి వారం పని లేకపోతే ట్యాంకు ఖాళీ చేసి పెట్టాలి. బార్ కొస పైభాగం ఎప్పుడూ కర్రకి తగలకూడదు, తగిలితే మిషన్ వెనక్కి మొహం మీదికి తన్నుతుంది. రోజూ పని మొదలుపెట్టే ముందు చెయిన్ బ్రేక్ పనిచేస్తుందో లేదో చూడాలి. ఇవన్నీ మేం ఆన్‌లైన్లో కొన్న డబ్బాలోని పుస్తకంలోనూ ఉన్నాయి, వచ్చీరాని ఇంగ్లీషులో. కానీ చేయి పట్టుకుని చూపించేవాడు లేడు.

బాపుకి ఇప్పుడు ఒక పని దొరికింది. సాయంత్రం తమ్ముడు రాగానే చెయిన్ తీయించి, అరుగు మీద కూర్చుని ఆకురాయితో పళ్ళు సానబెడతాడు. ముందు మిషన్ మీద పడ్డ పొట్టును వేళ్ళతో నలిపి చూస్తాడు. పలుకులు పలుకులుగా వస్తే పదునున్నట్టు, పిండిలా వస్తే మొద్దుబారినట్టు. ఇది ఏ మెకానికూ ఆయనకి చెప్పలేదు. "రంపం గూడ చెప్తది రా, చూసెటోడు ఉండాలె" అంటాడు.

ఇంతా రాసి ఒక మాట చెప్పకపోతే అబద్ధం ఆడినట్టవుతుంది. మిషన్‌తో పాటు తమ్ముడికి చాప్స్ కూడా కొన్నాను. తొడలకి కట్టుకునేవి. చెయిన్ తగిలితే లోపలి పోగులు బయటికొచ్చి స్ప్రాకెట్‌కి చుట్టుకుని మిషన్‌ని ఆపేస్తాయి. అది ఆ రోజు ఉండుంటే ఏడు కుట్లు ఉండేవి కాదు. మొన్న ఫోన్ చేసి అడిగాను, వేసుకుంటున్నావా అని. "ఎండల గవి కట్టుకుంటె ఉడికిపోతం అన్నా" అన్నాడు. మా రామగుండం ఎండ తెలిసిన నేను గట్టిగా ఏమీ అనలేకపోయాను. అవి ఇంకా కవర్లోనే ఉన్నాయి.

మీకెవరికైనా దీనికి ఉపాయం తెలిస్తే చెప్పండి. స్పెసిఫికేషన్లు మాత్రం వద్దు.