అనంతగిరి కనుమదారి

విశాఖపట్టణమునుండి అరకులోయకు రోడ్డుమార్గమున సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటినపిమ్మట కొండదారి మొదలగును. ఒకవైపు కొండచఱియ, మఱియొకవైపు లోయ. అనంతగిరి చేరునప్పటికి గాలి చల్లబడును. అచట సిల్వరుఓకు చెట్ల నీడను కాఫీతోటలును, ఆ చెట్లకు ప్రాకిన మిరియపుతీగలును కన్నులకు విందొనర్చును. బొఱ్ఱాగుహలును అచటికి సమీపముననే యున్నవి.

2023 డిసెంబరులో మేము అత్తగారితోను పిల్లలతోను ఆ గుహలను జూచి, తిరుగుదారిలో అనంతగిరియందు కాఫీకై ఆగితిమి. బండి నడపినది మా పెద్ద తోడికోడలు. ఆమెను మేము అక్కయ్య యందుము. మరల బయలుదేరబోవ, తాళము త్రిప్పిన టిక్కుటిక్కుమను చప్పుడే గాని ఇంజను తిరుగదయ్యెను. ప్రొద్దు క్రుంకుచుండెను, మంచు దిగుచుండెను. డెబ్బదియేండ్ల అత్తగారు చలికి ముడుచుకొని కూర్చుండిరి.

సోదరీమణులారా! ఆ చప్పుడునకు అర్థము కలదు. దీపములు వెలవెలబోవుచు టిక్కుటిక్కుమని వరుసగా మ్రోగినచో, తఱచుగా బ్యాటరీలో సత్తువ తగ్గియుండును, లేదా దాని తీగెలు వదులై యుండును. దీపములు చక్కగా వెలుగుచుండగా ఒక్కమాఱు టక్కుమని ఊరకున్నచో, స్టార్టరునే మొదట అనుమానింపవలెను.

అక్కయ్య బానెట్టెత్తి చూచెను. తీగెలు శుభ్రముగా, గట్టిగా నుండెను. అంతట వేఱొక కారువారు దయతో తమ బ్యాటరీనుండి సాయమిచ్చిరి. ఎఱ్ఱతీగెను రెండు బ్యాటరీల ధనకొనలకు తగిలించిరి. నల్లతీగె నొకవైపు వారి బ్యాటరీ ఋణకొనకును, రెండవవైపు మా ఇంజనులోని రంగులేని లోహమునకును తగిలించిరి. బ్యాటరీకడ నిప్పురవ్వ లేవకుండుటకే ఈ జాగ్రత్త.

ఇంజను తిరిగెను. “చీకటి పడుచున్నది తల్లీ, పోదము” అని అత్తగారు తొందరపడిరి.

“అత్తయ్యగారూ, ఇది అప్పు తెచ్చిన సత్తువ. మన బండికి సంపాదన యున్నదో లేదో చూడక కొండ దిగరాదు” అని అక్కయ్య పలికెను.

ఇంజను తిరుగునప్పుడు ఒక పట్టీ ఆల్టర్నేటరును త్రిప్పును. అది విద్యుత్తును పుట్టించి బ్యాటరీని నింపును. అది పనిచేయకున్నచో, పెద్దదీపములు వెలిగించుకొని పోవు బండి చీకటిలో ఏ మలుపుననో ఆగిపోవును. ఎదుటి పలకపై బ్యాటరీబొమ్మగల ఎఱ్ఱదీపము ఆరకుండెను. అక్కయ్య చేతిసంచిలోని చిన్నమీటరు పెట్టిచూడ 12.1 వోల్టులే చూపెను. నిండిన బ్యాటరీ ఊరకున్నప్పుడే 12.6 చూపును, ఇంజను నడచునప్పుడు సామాన్యముగా 13.8 మొదలు 14.4 వఱకు నుండవలెను.

ఇంజను నాపి పట్టీని వ్రేలితో నొక్కిచూడ మిక్కిలి వదులుగా నుండెను. ఊరి మెకానిక్కు పానాతో ఆల్టర్నేటరును జరిపి దానిని బిగించెను. మరల సాయపుతీగెలతో ఇంజను నడిపి, ఆ తీగెలు తీసివేసి చూడగా మీటరు 14.1 చూపెను, ఎఱ్ఱదీప మారెను. అటుపిమ్మటనే కొండ దిగి, రాత్రి తొమ్మిదింటికి క్షేమముగా ఇల్లు చేరితిమి.

పూర్వము ఇనుపకడ్డీ త్రిప్పి ఇంజను నడుపవలసి యుండెను. అది వెనుకకు తన్ని చేతులు విఱుగుటయు కలదు. చార్లెస్ కెట్టరింగ్ కల్పించిన విద్యుత్ స్టార్టరు 1912వ సంవత్సరపు కాడిలాక్ బండ్లలో వచ్చినపిమ్మట స్త్రీలకు కారు నడపుట సులభమయ్యెను. ఆ సౌకర్యము మనకు నిలువవలెనన్న, బండి కదలినంతనే సంతసింపక, ఎఱ్ఱదీపము ఆరినదా యని చూచుకొనుట మేలు. దూరప్రయాణమున సాయపుతీగెలును, చిన్నమీటరును మంచినీళ్లచెంబుతోపాటు వెంట నుంచుకొనదగును.