ఆరు మిల్లీమీటర్ల బెజ్జం

మా నల్లగొండ ఇంట్లో పుస్తకాలు మంచాల కిందికి చేరి చాలాకాలమయింది. "ఈ ఇంట్లో మనుషులకు కూడా కాస్త చోటుంచుతారా?" అని మా ఆవిడ అడిగిన రోజున నాకు ఊళ్ళో వేపపలకలు గుర్తుకు వచ్చాయి. మా నాన్న నాటిన చెట్టు గాలివానకు పడిపోతే కోయించినవి. రెండేళ్ళుగా కొట్టంలో ఆరుతున్నాయి. అలమర నేనే చేస్తానని ప్రకటించి, దసరా సెలవుల్లో రౌటర్ యంత్రంతో సహా దేవరకొండ, డిండి మీదుగా అచ్చంపేట దగ్గరి మా ఊరు చేరాను. తెలుగు ఎమ్మే చదివినవాడికి వడ్రంగం ఎందుకంటారా? మా ఆవిడా అదే అడిగింది.

అరలు పైకీ కిందికీ మార్చుకోవాలంటే పక్కపలకలకు వరుసగా బెజ్జాలుండాలి. వాటిలో ఆరు మిల్లీమీటర్ల మేకులు దూర్చి, పైన అర పెట్టుకోవచ్చు. చిన్నప్పుడు ఇలాంటి బెజ్జాలకు మా వడ్ల మామ బరమా నిలబెట్టి పట్టుకుంటే నేను తాడు లాగేవాణ్ణి. అటు లాగితే ఒకవైపు, ఇటు లాగితే మరోవైపు తిరుగుతూ మొన తీరిగ్గా చెక్కను గీకేది. ఒక్కో బెజ్జానికి నా చేతులు పడిపోయేవి.

ఈసారి ఆ బాధ లేదు కదా! చేతి డ్రిల్లులో వాడే ఆరు మిల్లీమీటర్ల బిట్టు రౌటర్ నోట్లో చక్కగా ఇమిడింది. ఇమిడితే సరిపోయినట్టేననుకున్నాను. మీట నొక్కి కిందికి దింపాను. పొగ లేచింది. ఇంకాస్త నొక్కాను. టప్పుమంది! విరిగిన మొన, పలక చివర పట్టుకున్న మా అమ్మాయి చెవి పక్కనుంచి పోయి తడికెలో దిగింది.

యంత్రం ఆపాను గాని చేతుల వణుకు ఆగలేదు. మామ అమ్మాయిని దగ్గరికి తీసుకుని, చెవి తడిమి చూసి, అప్పుడు నావైపు తిరిగాడు.

"ఏందల్లుడా! బండి ఇరుసు దీసి రైలుకు ఎక్కిస్తవా?"

ఆయన మనుమడు పట్నంలో కప్‌బోర్డుల పని చేస్తాడు. సాయంత్రం ఫోనులో అతను నన్ను మందలించాడు, మర్యాదగానే. చేతి డ్రిల్లు ఎంత జోరుగా తిరిగినా నిమిషానికి సుమారు మూడువేల చుట్లు. నా రౌటర్ మెల్లగా తిరిగితేనే పదివేలు, జోరు మీద ముప్ఫైవేలు. పొడుగ్గా సన్నగా ఉండే డ్రిల్లు బిట్టు ఆ వేగంలో రవంత వంగినా కొరడాలా ఊగుతుంది. కబ్జాలకు 35 మిల్లీమీటర్ల గుంట తీసే వెడల్పు బిట్టయితే మరీ ప్రమాదం. లెక్క వేసి చూశాను. ఇరవైవేల చుట్లలో దాని అంచు నిమిషానికి రెండు కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతుంది!

రౌటర్‌తో బెజ్జం వెయ్యాలంటే పొట్టిగా, గట్టిగా ఉండే కార్బైడు బిట్టు కావాలి. దాని అడుగున పదును నడిమధ్య దాకా ఉండాలి. అంగట్లో దొరికే కొన్ని బిట్లు పక్కలనే కోస్తాయి. నిలువునా దింపితే చెక్కను కాల్చి ఊరుకుంటాయి. మెలిక తిరిగిన వాటిలోనూ రెండు రకాలు. ఒకటి పొట్టును పైకి తెస్తుంది, మరొకటి కిందికి తోస్తుంది. అడుగు మూసి ఉన్న బెజ్జంలో రెండోది దింపితే పొట్టు ఇరుక్కుని మాడుతుంది. కాడ కొలతలోనూ మోసముంది. పావు అంగుళమంటే ఆరు మిల్లీమీటర్లు కాదు, 6.35. పావు అంగుళం పట్టులో ఆరు మిల్లీమీటర్ల కాడ బిగిస్తే ఏ క్షణాన జారుతుందో చెప్పలేము.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయ పదకోశం 1962లో వచ్చింది. సేద్యపు మాటలను అంత శ్రద్ధగా పోగుచేశారు. ఈ మెలిక బిట్లను తెలుగులో ఏమనాలో నాకు తోచలేదు. మామకు తోచింది: "పైకి తోడేది, కిందికి నూకేది."

మర్నాడు అచ్చంపేటలో వెదికి వెదికి తోడేదాన్నే తెచ్చాను. కాడ చాలామట్టుకు లోపలికి దించి బిగించాను. కంటికి అద్దాలు పెట్టుకుని కొంచెం దించి, పైకెత్తి, మళ్ళీ దించాను. పసుపుపచ్చని వేప పొట్టు బుసబుస పైకి పొంగింది. మామ వేపపుల్ల దూర్చి లోతు చూసి తల ఊపాడు. అమ్మాయి గుమ్మం అవతలనుంచే బెజ్జాలు లెక్కపెట్టింది: నలభై ఎనిమిది.

విరిగిన మొన ఇంకా ఆ తడికెలోనే ఉంది. నేను తియ్యలేదు.