గుడ్లగూబ కన్ను

మా వర్ధన్నపేటలో ఎవరికైనా కడుపులో బాగుండలేదంటే వూరంతా వైద్యులే. మా తమ్ముడికి నెత్తురు విరేచనాలు మొదలైనప్పుడు దానిమ్మ తొక్కల కషాయం దగ్గర్నుంచి దిష్టితాయెత్తు దాకా అన్నీ మా గుమ్మంలోకి నడిచి వచ్చాయి. తీరా వరంగల్లు వెళ్ళి గొట్టం పరీక్ష చేయిస్తే అల్సరేటివ్ కోలైటిస్ అని తేలింది. ఒంటికి కాపలా కాయవలసిన రక్షకబలమే తిరగబడి పెద్దపేగు లోపలిపొరను పుండ్లు చేయటమన్న మాట. ఇదేదో పట్నవాసపు జబ్బని నా భ్రమ. హైదరాబాదు ఏఐజీ ఆసుపత్రివారు 2023లో ప్రచురించిన అధ్యయనం చూశాక అది కాస్తా వదిలింది. పల్లెల్లోనూ యిది తక్కువేమీ కాదట.

స్టెరాయిడ్ మాత్రలతో వారంలో మనిషి లేచి కూర్చున్నాడు. కార్టిజోన్ యీ జబ్బుకు పనికివస్తుందని ఇంగ్లండులో ట్రూలవ్, విట్స్ అనే వైద్యులు 1955లోనే పరీక్షించి చూపారు. మేమూ దానికి దణ్ణం పెట్టుకున్నాం.

మూడో నెలలో వ్యవహారం మళ్ళీ మొదటికొచ్చింది. జ్వరం, రోజుకు పదిసార్లు విరేచనం, నెత్తురు.

"మందులన్నీ ఏసుకుంటున్న గదా అన్నా, మరెందుకు తగ్గుతలేదు?" అన్నాడు వాడు.

తెలుగు ఎమ్మే చదివినవాడి దగ్గర దీనికి జవాబేముంటుంది? డాక్టరుగారి దగ్గరకు పోయి మోతాదు పెంచమని బతిమాలింది నేనే. ఆయన పెంచారు. వాడు యింకా నీరసించాడు.

చివరికి హైదరాబాదు తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ మోతాదు మాట ఎత్తకుండా, ముందు పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. అందులో సైటోమెగలో వైరస్ దొరికింది. మనలో చాలామంది ఒంట్లో చిన్ననాడే చేరి, కిక్కురుమనకుండా పడివుండే చుట్టమట అది. స్టెరాయిడ్ రక్షకబలాన్ని అణచేసరికి నిద్రలేచి, ఆ పుండ్లలోనే కాపురం పెట్టింది. జబ్బు ముదిరినా నెత్తురే, వైరస్ లేచినా నెత్తురే. పైకి తేడా తెలియదు. నేను బతిమాలి పెంచించిన మందు ఎవరికి మేతయిందో అప్పుడు తెలిసింది.

ఆ వైరస్ పట్టిన కణం వుబ్బి, మైక్రోస్కోపులో గుడ్లగూబ కన్నులా కనబడుతుందని డాక్టరమ్మ చెబుతుంటే మా అమ్మ వులిక్కిపడింది.

"నే చెప్పలేదా బిడ్డా, చింతచెట్టు మీద అది రోజూ కూస్తున్నదని!"

డాక్టరమ్మ నవ్వలేదు. "అది కనబడటమే మన అదృష్టం అమ్మా. దానికి మందుంది" అంది.

గాన్‌సైక్లోవిర్ అనే మందు రోజుకు రెండుసార్లు నరంలోకి ఎక్కించారు. తెల్లకణాలు పడిపోతాయేమోనని మధ్యమధ్య రక్తపరీక్షలు. స్టెరాయిడ్ వొక్కసారిగా ఆపితే అదో ప్రమాదమట, అంచేత మెట్లు దిగినట్లు తగ్గించుకుంటూ వచ్చారు. అవసరమైతే పెద్దపేగు తీసేయాలని సర్జనుగారు కూడా వచ్చి చూసి వెళ్ళారు. సంతకం పెట్టవలసిన కాగితం నాలుగు రోజులు నా చొక్కాజేబులో వుంది. ఆ నాలుగు రోజులూ మా మరదలు నా మొహం చూడటం మాని జేబు చూసేది.

ఐదోనాడు జ్వరం దిగింది. ఎనిమిదోనాడు వాడు పెరుగన్నం అడిగాడు.

వచ్చే నెల మళ్ళీ గొట్టం పరీక్ష. ఏ పరీక్ష, ఎందుకు అని అమ్మ అడగదు. "ఈసారి ఆ పిట్ట కన్ను వుండది గదా, పెద్దోడా?" అని మాత్రం అడుగుతోంది.