మందుకు ఊపిరి పోసినవారు

మూడు వారాలకొకసారి మేము ఆఫీసులో పూటసెలవు వ్రాసిచ్చి, మా అమ్మాయిని ఇంజక్షనుకు తీసుకొని వెళ్తుంటాము. గొంతునొప్పితో మొదలై కీళ్ళకు పాకిన జ్వరం గుండె కవాటాన్ని తాకి పోయింది. అది తిరగబెట్టకుండా ఏండ్ల తరబడి పెన్సిలిన్ సూది తప్పదని డాక్టరుగారన్నారు. నర్సమ్మ తెల్లని పొడిలో నీరు కలుపుతూ, "స్వల్ప నోవు అష్టే, మగూ" అని కన్నడంలో బుజ్జగిస్తుంది. "స్వల్పమేమీ కాదు" అని మా పిల్ల తెలుగులో జవాబిస్తుంది.

ఒక నెల ఆ మందు ఊళ్ళో దొరకలేదు. తొమ్మిది రోజులు ఆలస్యమైంది. ఆ తొమ్మిది రాత్రులూ మా ఇంటావిడ నిద్రలో ఉన్న పిల్ల మోకాళ్ళు తడిమి చూస్తూనే ఉన్నది. మందు కనుగొనడం ఒక ఎత్తు, అందరికీ చాలినంత చేయడం మరొక ఎత్తు అని మాకప్పుడు తెలిసివచ్చింది.

1928లో ఫ్లెమింగుగారు బూజులో ఆ గుణం చూచిన సంగతి బడి వాచకంలోనే చదివాము. 1941లో ఆక్స్‌ఫర్డులో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు ఆ మందు ఇచ్చారు. అతడు తేరుకుంటుండగా మందు అయిపోయింది. అతని మూత్రంనుండి సైతం తీసి మళ్ళీ ఎక్కించారు. చాలలేదు, అతడు మరణించాడు. అప్పట్లో బూజును గిన్నెలలో, సీసాలలో పైపొరగా పెంచేవారు మరి!

1944 మార్చిలో న్యూయార్కు నగరపు బ్రూక్లిన్‌లో ఫైజర్ కంపెనీవారు పాత ఐసు ఫ్యాక్టరీని మార్చి, 7,500 గాలన్ల తొట్లు 14 పెట్టి మందు తీయనారంభించారు. కాని లోతు నీటిలో బూజుకు ఊపిరాడవద్దా? లీటరు నీటిలో గాలినుండి కరిగే ఆక్సిజను ఎనిమిది తొమ్మిది మిల్లీగ్రాములే. బూజు దానిని చూస్తుండగానే ఖర్చు పెట్టేస్తుంది. అందుచేత క్రిములు లేని గాలిని అడుగునుండి ఊదుతూ, కవ్వంతో చిలికినట్లు చిలకాలి. ఎంత గాలి? ఎంత చిలుకుడు?

ఈ జమాఖర్చు పట్టుకున్నవారు ఎల్మర్ గేడెన్. ఆయన పుట్టినదీ బ్రూక్లిన్‌లోనే, 1923లో. నౌకాదళంలో పనిచేసి వచ్చి, పెన్సిలిన్ బూజుకు ఎంత ఆక్సిజను కావాలో లెక్కగట్టి, 1949లో కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. జమ ఎంతో, ఖర్చు ఎంతో తేలనిదే నిద్రపట్టని గుమాస్తాలం గనుక ఆయన పని మాకు సొంతపనివలె తోచింది. యంత్రాలవారికి జీవశాస్త్రం, జీవశాస్త్రజ్ఞులకు యంత్రాలు దూరమైన రోజులలో, ఆయన కొలంబియాలోనే జీవరసాయన ఇంజనీరింగు బోధన నెలకొల్పారు. ఆ విద్యకు పత్రిక లేకపోతే తానే ఒకటి ఆరంభించి, సుమారు పాతికేళ్ళు సంపాదకత్వం వహించారు. మన ఈ చిన్న పత్రిక ప్రూఫులు దిద్దే మిత్రులకు ఆ శ్రమ వేరుగా చెప్పనక్కరలేదు. ఆపైన వెర్మాంటులో, వర్జీనియాలో పనిచేసి, 2009లో అయిదు లక్షల డాలర్ల రస్ బహుమతి అందుకొని, 2012లో కన్నుమూశారు. పెన్సిలిన్ నేటికీ గాలి ఊదే తొట్లలోనే తయారవుతున్నది.

మొన్న ఆసుపత్రి బల్లమీద కూర్చుని పిల్లకు ఈ కథ చెప్పాము. అంతా విని, "అంత చిలికితే బూజుకు నొప్పి పుట్టదా, నాన్నా?" అన్నది. జవాబు వెతుక్కుంటుండగానే నర్సమ్మ మా నంబరు పిలిచింది.